సగము జ్ఞాపకమున్న కథలు

కథను పూర్తిగా ఎరిగినవాడు వాదించడు. పుస్తకము తీసి చూపుతాడు. సగము మరచినవానికే వాదము కావలె. విజ్ఞాన కల్పనలను ప్రేమించేవారి గోష్ఠిలో ఈ సత్యము స్పష్టముగా కానవస్తుంది.

అట్టి గోష్ఠికి ఖరగ్‌పూరులోని ప్రేమ్ బజారు తగినచోటు. రైల్వే కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబాలు ఆ పట్టణములో తరతరాలుగా నివసిస్తున్నవి. హిజ్లీ నిర్బంధ శిబిర భవనములో 1951లో ఆరంభమైన ఐ.ఐ.టి. ఈ బజారుకు చేరువనే ఉన్నది. అందువల్ల టీ దుకాణపు బల్లమీద పదవీ విరమణ చేసిన ఫిట్టరూ, ఇంజనీరింగు విద్యార్థీ ప్రక్కప్రక్కనే కూర్చుంటారు. తెలుగు, బెంగాలీ, హిందీ ఒకే వాక్యములో ఒదిగిపోతవి.

వృద్ధునికి సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’ ప్రాణము. కాలయంత్రము శ్రీకృష్ణదేవరాయల కాలానికి చేరిన ఘట్టము అతనికి కంఠస్థము. ఆ యంత్రమే 2504వ సంవత్సరానికి పోయిన సంగతి మరచినాడు. విద్యార్థికి ఆ భవిష్యత్తే జ్ఞాపకము.

“రాయలవారిని చూడలేని యంత్రము దేనికి బాబూ?” అంటాడు వృద్ధుడు.

“1895లో వెల్స్ కల్పించిన యంత్రము ముందుకే గదా పోయినది, తాతగారూ!” అంటాడు విద్యార్థి.

అంతలో బెంగాలీ మిత్రుడు జగదీశ చంద్ర బోసును తెస్తాడు. 1896లో తలనూనె వ్యాపారులు పెట్టిన పోటీకి ఆయన వ్రాసిన కథలో, ఒక సీసాడు నూనె పోయగానే తుఫాను నాటి సముద్రము శాంతిస్తుంది. వృద్ధుడు దానిని మంత్రతైలమని విని ఉన్నాడు. కాదు; నీటిమీద పరచుకొన్న నూనెపొర అలల నణచునన్న భౌతికశాస్త్రమే దానికి ఆధారము. మరొకడు, తామరకొలనులో దిగిన ఆకాశనౌకను సత్యజిత్ రాయ్ చిత్రములో చూసినానని ఒట్టు పెడతాడు. 1967 నాటి ఆ ‘ది ఏలియన్’ వ్రాతప్రతి ఏనాడూ చిత్రము కాలేదు. ఎవరో చెప్పగా విన్నది అతని కంటికి చూసినదైనది.

దీనిని నవ్వి త్రోసివేయరాదు. ఇంట తెలుగు మాట్లాడుతూ బడిలో హిందీయో బెంగాలీయో నేర్చిన పిల్లలలో తెలుగు అక్షరము రానివారున్నారు. వారికి కథ చేరేది పెద్దల నోటినుండియే. చెప్పేవాడు మరచిన ఘట్టము వినేవానికి పుట్టనే పుట్టదు. కనుక ఒకని మరపును మరొకడు దిద్దే ఈ కలహము వ్యర్థము కాదు. రాయలను వృద్ధుడు కాపాడుతాడు. 2504వ సంవత్సరాన్ని విద్యార్థి కాపాడుతాడు. నూనెసీసాను బెంగాలీ మిత్రుడు కాపాడుతాడు. ముగ్గురూ లేచిపోయేవేళకు ఎవరూ ఓడరు, ఒప్పుకొనరు. కాని ఆ రాత్రి వృద్ధుడు మనుమనికి చెప్పే కథలో కాలయంత్రము రాయలవద్ద ఆగక, ముందుకు కూడా పోతుంది.