మెహమాన్ పడిపోతుంటే మేజ్బాన్ ఇల్లు చూడాలి

వర్చువల్ మెషీన్ అంటే ఒక కంప్యూటర్ కడుపులో నడిచే ఇంకో కంప్యూటర్. బయటిదాన్ని హోస్ట్ అంటారు, లోపలిదాన్ని గెస్ట్ అంటారు. మన జుబాన్‌లో మేజ్బాన్, మెహమాన్. ఈ రెండు మాటలు గుర్తుంటే ఈ కథలో సగం అర్థమైపోతుంది.

తాడేపల్లిగూడెంలో ఉండే మా ఆపా కూతురు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. ఆటపాక దగ్గర తీసిన ఫోటోల్లో గూడబాతులను కంప్యూటరే లెక్కపెట్టేలా చేయడం తన ప్రాజెక్టు. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో విండోస్, దాని మీద వర్చువల్‌బాక్స్, అందులో లినక్స్. రెండు వారాలుగా ఆ లినక్స్ నడుస్తూ నడుస్తూ కెర్నెల్ పానిక్ అని ఆగిపోతోంది. కెర్నెల్ అంటే సిస్టమ్‌కి దిల్ లాంటిది. ఇక ముందుకు నడిస్తే నుక్సాన్ అని తెలిసినప్పుడు తనంతట తానే ఆగిపోవడమే పానిక్.

ఇంట్లో తలా ఒక మాట. నానీ నజర్ తగిలిందన్నారు. ప్రాజెక్టులో తోటి పిల్లవాడు "నువ్వే ఏదో నొక్కుంటావ్" అన్నాడట. ఆపా అయితే కమ్మలు తాకట్టు పెట్టి కొత్త లాప్‌టాప్ కొందామని తయారైంది. నాకు అన్నిటికంటే బాధ కలిగించింది పిల్ల మాట. "ఖాలా, నాకు ఈ లైన్ రాదేమో" అంది. మెషీన్ పడిపోతే ఇల్జామ్ పిల్ల మీద పడింది, పిల్ల కూడా దాన్ని నమ్మడం మొదలుపెట్టింది.

"బేటా, ముందు గవాహీ పోగేద్దాం, ఫైసలా తర్వాత" అన్నాను. ఆ ఆదివారం ఏలూరు నుంచి పాసింజర్ ఎక్కి వెళ్లాను.

పానిక్ వచ్చినప్పుడు ఆఖరి మాటలు చాలాసార్లు డిస్కు దాకా చేరవు, స్క్రీన్‌తోపాటే పోతాయి. అందుకే వర్చువల్‌బాక్స్‌లో సీరియల్ పోర్టు తెరిచి, దాన్ని విండోస్‌లోని ఒక టెక్స్ట్ ఫైలుకు కట్టాం. లినక్స్ బూట్ లైనులో ఆ పోర్టునే కన్సోల్‌గా చెప్పాం. ఇక మెహమాన్ పోతూ పోతూ చెప్పే మాటలన్నీ మేజ్బాన్ దగ్గర జమ అవుతాయి. పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుని తారీఖు, టైము, అప్పుడు నడుస్తున్న పని, మొదటి ఎర్రర్ లైను రాయమన్నాను. చివరి లైను కాదు, మొదటిది. తర్వాత వచ్చేవన్నీ దాని వెనుక పడ్డ ఇటుకలే.

నాలుగు రోజుల్లో ఐదు పానిక్‌లు. ప్రతిసారీ ఒకే డ్రైవర్, ఒకే ఫంక్షన్ పేరు వస్తే షక్ దాని మీదే పెట్టాలి. సాఫ్ట్ లాకప్ అని వస్తే మేజ్బాన్‌కు బరువెక్కువై మెహమాన్‌కు ప్రాసెసర్ వంతు అందడం లేదేమో చూడాలి. ఇక్కడ అలా లేదు. ఒకసారి జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్, ఒకసారి బ్యాడ్ పేజ్ స్టేట్, ఒకసారి ఫైల్ సిస్టమ్ ఎర్రర్. రోజుకో చోట.

తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చాం. గ్రబ్ మెనూలోంచి పాత కెర్నెల్ ఎక్కించాం, అయినా పడింది. మెషీన్‌కు ఇచ్చిన ఆరు జీబీ మెమరీని మూడుకు తగ్గించాం, రెండు రోజులు నిలబడి మళ్లీ పడింది. చివరికి మొత్తం మెషీన్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి నా లాప్‌టాప్‌లోకి తెచ్చుకున్నాను. ఏలూరులో అదే పని మూడు రోజులు ఆపకుండా నడిపాను. ఒక్కసారీ పడలేదు. అంటే మెహమాన్ బేకసూర్.

కొల్లేరు పొంగితే ఆ నీళ్లు కొల్లేరువి కావని మన వైపు వాళ్లందరికీ తెలుసు. పైనుంచి బుడమేరు, తమ్మిలేరు ఏం తెచ్చాయో, కింద ఉప్పుటేరు ఎక్కడ ఆగిందో చూస్తాం. వర్చువల్ మెషీన్‌కూ సొంత మెమరీ లేదు. మేజ్బాన్ ర్యామ్‌లోంచే తీసుకుంటుంది.

మెమ్‌టెస్ట్ 86 ప్లస్‌ను యూఎస్‌బీలో వేసి, పిల్ల లాప్‌టాప్‌ను దాంతోనే బూట్ చేసి రాత్రంతా వదిలేయమన్నాను. మొదటి రౌండు సాఫ్‌గా పోయింది. రెండో రౌండులో ఎర్ర గీతలు. నాలుగు జీబీ కార్డులు రెండు ఉన్నాయి. ఒక్కోటి విడిగా పరీక్షిస్తే ఒకటే ఖరాబని తేలింది. విండోస్‌లో అప్పుడప్పుడు బ్రౌజర్ తనంతట తానే మూసుకుపోయేదట, ఎవరూ పట్టించుకోలేదు. లినక్స్ ఒకేసారి పెద్ద జాగా అడిగి, ఆ చెడ్డ చోట తరచూ కాలుపెట్టేది.

దీనికి చదువు తక్కువ, ఎక్కువ అని లేదు. లినక్స్ కెర్నెల్ రాసిన లినస్ టోర్వాల్డ్స్‌కే 2022 అక్టోబరులో ఇదే జరిగింది. 6.1 వెర్షన్ పనిలో ఉండగా ఆయన కంప్యూటర్‌లో బిల్డులు ఇష్టం వచ్చినట్టు ఫెయిలయ్యాయి. కొత్త కోడ్‌లో తప్పుందని ముందు అనుకున్నారు. తీరా చూస్తే చెడింది ఒక మెమరీ కార్డు.

కార్డు మార్చాక పని అయిపోలేదు. చెడ్డ ర్యామ్ మెషీన్‌ను ఆపడమే కాదు, చప్పుడు లేకుండా డేటాను కూడా మారుస్తుంది. అందుకే పాత వర్చువల్ డిస్కు మీద భరోసా పెట్టుకోలేదు. కొత్త మెషీన్ కట్టి, కోడ్‌ను గిట్ నుంచి తెచ్చుకుంది. ఫోటోల చెక్‌సమ్‌లను కెమెరా కార్డులోని అసలు ఫోటోలతో పోల్చితే మూడు కలవలేదు. ఆ మూడూ మళ్లీ కాపీ చేసి, లెక్కలన్నీ మొదటినుంచి నడిపింది. పాత రిజల్ట్స్ అలాగే ఇచ్చి ఉంటే ఆ తేడా ఎవరికీ తెలిసేది కాదు.

ఆపా కమ్మలు ఆపా చెవులకే ఉన్నాయి. కొన్నది ఒక్క ర్యామ్ కార్డే. పిల్ల ఆ నోట్‌బుక్‌ను, మెమ్‌టెస్ట్ స్క్రీన్ ఫోటోతో సహా, ప్రాజెక్టు రిపోర్టులో ఒక అధ్యాయంగా పెట్టింది. "నువ్వే ఏదో నొక్కుంటావ్" అన్న అబ్బాయి మొన్న తన లాప్‌టాప్ తెచ్చి చూడమన్నాడట. "మొదటి ఎర్రర్ లైను రాసుకున్నావా?" అని అడిగిందట మా పిల్ల.