అమ్మ మోకాలు

మా అమ్మ కుడి మోకాలిలో ఇప్పుడు లోహపు కీలు ఉంది. తొడ ఎముక చివర కోబాల్టు, క్రోమియం కలిసిన తొడుగు, కింద కాలి ఎముక మీద ఒక పళ్ళెం, రెండింటి మధ్య గట్టి ప్లాస్టిక్ బిళ్ళ. ఎక్స్‌రేలో తెల్లగా మెరుస్తుంది. దాన్ని చూసిన మా ఊరివాళ్ళు అడిగిన మొదటి మాట, "ఇది తుప్పు పట్టదా?" అని. తుప్పు పట్టదు. దానికి వచ్చే ఆపద వేరే ఉంది. ఆ సంగతి డాక్టర్లు ముందే చెప్పారు. టీచరునై ఉండి కూడా నేను సరిగా వినలేదు.

మేం కొండదొరలం. మా ఊరు పాడేరు కొండల్లో, రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి ఇంకా రెండు గంటల నడక. అమ్మ కాఫీ పళ్ళు ఏరేది, పసుపు తవ్వేది, చోడి చేను కోసేది. నేను ఆశ్రమ పాఠశాలలో తొమ్మిది చదువుతున్నప్పుడు ఆమెకు జబ్బు మొదలైంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్తే తెల్లారగానే పొయ్యి దగ్గర కూర్చుని చేతులు కాచుకుంటూ కనిపించింది. చలికదా అనుకున్నాను. ఎండాకాలం సెలవుల్లోనూ అలాగే కూర్చుంది. రెండు చేతులకీ వేళ్ళ మొదళ్ళు ఒకేలా వాచాయి. పొద్దెక్కేదాకా పిడికిలి ముడుచుకునేది కాదు.

వయసు మీరి కీళ్ళు అరగడం వేరు, ఇది వేరు. ఒంటిని రోగాల నుంచి కాపాడాల్సిన శక్తే తిరగబడి సొంత కీళ్ళ మీద పడుతుంది. కీలు లోపలి పొర వాచి, మెల్లగా మెత్తటి ఎముకనూ గట్టి ఎముకనూ తినేస్తుంది. మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువగా వస్తుంది. డాక్టర్లు దీన్ని రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. మా ఊళ్ళో వాతం అంటారు. మాకు నడుం పట్టినా వాతమే, మోకాలు అరిగినా వాతమే. పేరు ఒకటే కాబట్టి మందూ ఒకటే.

ఆ మందు సంతలో దొరికేది. ఒకాయన గొడుగు కింద కూర్చుని కాగితం పొట్లాల్లో మాత్రలు ఇచ్చేవాడు. పేరు ఉండదు, చీటీ ఉండదు. వేసుకున్న మర్నాడే అమ్మ లేచి చేనుకు పోయేది. అలాంటి మందును ఎవరు అనుమానిస్తారు? అది స్టెరాయిడ్ అని చాలా ఏళ్ళకు తెలిసింది. ఈ జబ్బుకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్‌ను మొదటిసారి 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఇచ్చారు. మంచం పట్టినవాళ్ళు లేచి నడిచారు. 1950లో దానికి నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఎముకలు గుల్లబారడం, పుండ్లు మానకపోవడం లాంటివి తర్వాత బయటపడ్డాయి. డాక్టరు చేతిలో, తక్కువ మోతాదులో, కొద్దికాలం అది ఇప్పటికీ మందే. మా అమ్మ ఎనిమిదేళ్ళు వాడింది. నొప్పి తెలియకపోవడంతో లోపల కీలు కరిగిపోతున్న సంగతీ తెలియలేదు. ఆ పొట్లాలకు నా స్కాలర్‌షిప్ డబ్బులు కూడా ఇచ్చాను.

నాకు ఉద్యోగం వచ్చాక విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అప్పటికి వేళ్ళన్నీ చిటికెన వేలి వైపు వాలిపోయాయి. కుడి మోకాలు లోపలికి వంగిపోయింది. మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాశారు. వారానికి ఒక్క రోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదకు వస్తుందని మూడుసార్లు చెప్పారు. చదువురాని మనిషికి వారం ఎలా గుర్తుంటుందని నేను కంగారుపడ్డాను. అమ్మే తేల్చేసింది: "మన సంత గురువారం. సంత మాత్ర అనుకుంటాను." మాత్ర సమస్య కాలేదు. అసలు పేచీ జీలుగు కల్లు దగ్గర వచ్చింది. ఆ మాత్రతో పాటు కల్లు తాగితే కాలేయం చెడుతుందన్నారు. కల్లు దిగే కాలంలో వద్దంటే మా వాళ్ళు ఎలా చూస్తారో మీకు తెలుసు. దాని మీద నాతో నెలరోజులు మాట్లాడలేదు.

ఏడాదికి వాపులు తగ్గాయి. మోకాలు మాత్రం బాగుపడలేదు. ఇల్లు కాలాక మంట ఆర్పితే వాసాలు తిరిగి రావు కదా. కీలు మార్చడమే దారి అన్నారు. అంతకుముందు మోకాలి కీలు ధర లక్ష దాటేది. 2017 ఆగస్టులో కేంద్రం మామూలు రకానికి 54,720 రూపాయలు, పైన పన్ను అని హద్దు పెట్టింది. అయినా మాకు అది చిన్న డబ్బు కాదు. తమ్ముడూ నేనూ చెరిసగం వేసుకున్నాం.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ అడిగారు: "అమ్మా, కాలు బాగైతే నీకేం చెయ్యాలనుంది?"

"సంతకి నడిసి ఎల్లాల. కింద కూకుని సోళ్ళు సెరగాల. ఇటుకల పండక్కి థింసా ఆడాల."

మొదటిది అవుతుందన్నారు. రెండోది కింద కాదు, ఎత్తు పీట మీద అన్నారు. మూడోది మాట ఇవ్వలేనన్నారు. ఎందుకంటే ఇది ఒక్క కీలు జబ్బు కాదు. మోకాలు మార్చినా మడమ, చేతులు అలాగే ఉంటాయి. నొప్పి తగ్గడంలో అరుగుదల రోగులకూ వీళ్ళకూ పెద్ద తేడా ఉండదు కానీ తిరగడంలో వెనకబడవచ్చు. మార్చిన కీలుకు చీము పట్టే ప్రమాదం కూడా వీళ్ళకు ఎక్కువ. జబ్బు ఒక కారణం, స్టెరాయిడ్ ఇంకో కారణం. నేను మాత్రం ఫోన్‌లో ఇంకొకటి చదివి ఉన్నాను. మార్చిన మోకాళ్ళలో నూటికి 82 దాకా 25 ఏళ్ళు నిలుస్తాయని 2019లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆ లెక్కలో ఎక్కువమంది అరుగుదలవాళ్ళేనన్నది నేను పట్టించుకోలేదు. బయటికి వచ్చి అమ్మతో "అన్నీ చెయ్యొచ్చట" అన్నాను.

మోకాలికి ఆపరేషన్ అయితే మెడకు ఎక్స్‌రే ఎందుకని తమ్ముడు గొడవపడ్డాడు. ఈ జబ్బు మెడ పైభాగపు ఎముకల్ని కూడా వదులు చేస్తుందట. తెలియక మత్తు ఇచ్చేటప్పుడు మెడ వెనక్కి వంచితే వెన్నుపాము నలుగుతుంది. ఇంకో షరతు చుట్ట మానడం. అమ్మది అడ్డపొగ, నిప్పు నోట్లో పెట్టుకుని కాల్చడం. పొగ వల్ల గాయం సరిగా మానదు, జబ్బు కూడా ముదురుతుంది. అది మానింది. ఎలా మానిందో నాకిప్పటికీ ఆశ్చర్యమే.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడే నిలబెట్టారు. కానీ వాకర్ పట్టుకోవడానికి వేళ్ళు ఏవీ? పక్క మంచం ఆవిడ రెండో రోజు వరండా చివరిదాకా వెళ్ళొచ్చింది, అమ్మ మంచం దాటలేదు. వ్యాయామం చేయించే అమ్మాయి ఒకతి ఆలోచించి, వాకర్ మీద చెక్కపలకలు కట్టి గుడ్డ చుట్టింది. వాటి మీద మోచేతులు ఆనించి అమ్మ నడిచింది. ఆ అమ్మాయికి మేం పసుపు పంపించాం.

ఊరికి డోలీలో మోసుకొచ్చాం. నాలుగో నెలలో తన కాళ్ళ మీద సంతకు వెళ్ళింది. దారంతా జనం ఆగి చూశారు.

తప్పు ఆ తర్వాత జరిగింది. "కాలు బాగైంది కదే, ఇంక సంత మాత్ర దేనికి?" అంది. నేనూ సరేనన్నాను. మాత్రల కోసం, రక్తపరీక్షల కోసం మాటిమాటికీ విశాఖ వెళ్ళడం భారంగానే ఉంది. ఆపరేషన్‌తో జబ్బే పోయిందని నేను కూడా లోపల నమ్మాననుకుంటాను. కొన్ని నెలలకు మణికట్లు మళ్ళీ వాచాయి. వానాకాలంలో మడమ పగులులో ముల్లు దిగి చీము పట్టింది. ఆకు నూరి కట్టుకుంది. పది రోజులకు జ్వరం. కొత్త మోకాలు ఎర్రగా వాచి, ముట్టుకుంటే కాలిపోతోంది. నేను రెండు రోజులు జ్వరం మాత్రలు వేశాను! మూడో రోజు డాక్టరమ్మకు ఫోటో పంపితే, "ఇప్పుడే బయల్దేరండి" అన్నారు.

రాత్రి, వాన, డోలీ. మోసినవాళ్ళలో ఇద్దరు నా పూర్వ విద్యార్థులు. సూదితో తీస్తే మోకాల్లో చీము వచ్చింది. ఎక్కడో మడమలో పుట్టిన సూక్ష్మజీవులు రక్తంలో ప్రయాణించి లోహం మీద చేరాయి. ఒకసారి అక్కడ పొరలా పేరుకుంటే మందు వాటిని అందుకోలేదు. అప్పుడు కీలు మొత్తం తీసెయ్యాలి. మాది కొత్తగా పట్టింది కాబట్టి మళ్ళీ కోసి, కడిగి, ప్లాస్టిక్ బిళ్ళ మాత్రం మార్చారు. ఆరు వారాలు ఇంజెక్షన్లు, ఆ తర్వాత కొన్ని నెలలు మాత్రలు. కీలు నిలిచింది. చీము పూర్తిగా తగ్గాక గురువారం మాత్ర మళ్ళీ మొదలైంది.

ఇప్పుడు మోకాలు లంబకోణం కంటే కాస్త ఎక్కువ వంగుతుంది. తమ్ముడు ఎత్తు పీట చేయించాడు. దాని మీద కూర్చోవడం ఆమెకు నామోషీ, "కలెక్టరు కుర్సీ" అంటుంది. నొప్పి లేదు. ఒకరోజు తల దువ్వుతుంటే వంకర వేళ్ళు నా ముందు పెట్టి, "మోకాలు బాగుసేసినారు సరే, సేతులు ఎవులు బాగుసేస్తారే?" అంది. మొన్న ఇటుకల పండక్కి ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. థింసాలో చేతులు పక్కవాళ్ళ వెనకనుంచి పట్టుకోవాలి. మా మరదలు ఆమె మోచెయ్యి పట్టుకుంది. నాలుగడుగులు వేసి పీట అడిగింది.

మా బడిలో ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఉంది. పొద్దున మొదటి పీరియడ్‌లో పెన్ను పట్టుకోలేదు, మధ్యాహ్నానికి చక్కగా రాస్తుంది. బద్ధకం అని ఒక మాస్టారు తిట్టారు. నేను వేళ్ళు చూశాను. వచ్చే సోమవారం విశాఖ తీసుకెళ్తున్నాను. వాళ్ళ నాన్న అప్పటికే సంతలో మాత్రలు కొని ఇచ్చాడట. ఆ పొట్లం ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది.