ఉదయగిరి కొండ కింద ఒక పాటకచేరీ

ఆర్కెస్ట్రా వాళ్ళ వ్యానెక్కితే ఉదయగిరికి టిక్కెట్టు లేకుండా పోవచ్చు. కాకపోతే ఒళ్ళో ఢోలక్ పెట్టుకుని కూర్చోవాలి!

నేను అలాగే కూర్చున్నాను. నెల్లూరులో బస్సెక్కి, బుచ్చిరెడ్డిపాళెం, సంగం దాటి ఆత్మకూరులో దిగేసరికి సాయంత్రం నాలుగైంది. టీకొట్టు పక్కన వ్యాను సిద్ధంగా ఉంది. అందులో రెండు స్పీకర్లు, ఓ కీబోర్డు, ప్యాడ్లు, తబలా జత, ఎనిమిది మంది మనుషులు. ఆ రాత్రి ఉదయగిరి దగ్గర ఓ పల్లెలో తిరునాళ్ళ.

నెల్లూరు జిల్లా అనగానే మీకు వరిచేలు, చేపల పులుసు గుర్తొస్తాయి కదూ? ఆత్మకూరు దాటి చూడండి. పెన్న నీళ్ళు వెనకబడిపోతాయి. ఏ.ఎస్.పేట దర్గాకు పోయే జనం ఒకవైపు, మెట్టపొలాలు ఒకవైపు. ఎర్రటి నేల, రాళ్ళగుట్టలు. ఇక్కడ వాన ఎంత అపురూపమో, పాటకచేరీ కూడా అంతే!

"మంచి ఆర్కెస్ట్రాకు గుర్తేందన్నా?" అని కీబోర్డాయన్ని అడిగాను. బృందానికి పెద్ద ఆయనే.

"ఎప్పుడు వాయించకూడదో తెలియాలబ్బయ్యా" అన్నాడాయన తడుముకోకుండా. "వాయించడం అందరికీ వచ్చు. పల్లవి ఎత్తుకున్నప్పుడు చేతులు కట్టుకోని కూర్చునేవాడే గట్టోడు."

ఇంకా చాలా చెప్పాడు. పాటల వరస ముఖ్యమట. భక్తిపాటతో మొదలెట్టి, పాతపాటలతో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి, ఆ తర్వాతే కుర్రకారుకు ఈలలేసే అవకాశం ఇవ్వాలట. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే మ్యూజిక్ బిట్లు తప్పితే జనం క్షమించరట. పాటలో మాట మర్చిపోయినా ఊరుకుంటారు గానీ, ఆ బిట్టు మారితే మాత్రం "ఏయ్!" అని కేక పడుతుందట!

వెనక సీట్లో ఓ కుర్రాడు చెవుల్లో వైర్లు పెట్టుకుని, కళ్ళు మూసుకుని గొణుక్కుంటున్నాడు. ఆ రాత్రి ‘శంకరాభరణం’లోని పెద్ద పాట అతనే పాడాలి. "రికార్డు మాదిరే దించేస్తానన్నా" అన్నాడు నాతో. ధైర్యంగానే అన్నాడు గానీ చేతులు చల్లగా ఉన్నాయి. కారణం ఉంది. "ఈసారి బాగా లేకుంటే వచ్చే ఏడు డీజే పెట్టుకుంటాం" అని కమిటీ పెద్ద ముందే చెప్పాడట. పెన్‌డ్రైవ్‌కు భోజనం పెట్టక్కర్లేదు మరి!

‘రికార్డు మాదిరి’ అనే మాట దగ్గర మన నెల్లూరు బాలు గుర్తుకు రాకుండా ఎలా ఉంటారు? తండ్రి సాంబమూర్తి గారు హరికథా విద్వాంసులు. 1966 డిసెంబరు 15న కోదండపాణి గారి సంగీతంలో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు తొలిపాట పాడిన బాలసుబ్రహ్మణ్యానికి ఆ తొలిరోజుల్లో మద్రాసులో ఓ లైట్ మ్యూజిక్ బృందం ఉండేది. అందులో వాయించినవాళ్ళెవరనుకున్నారు? ఇళయరాజా, ఆయన అన్నదమ్ములు భాస్కర్, గంగై అమరన్! ఊరూరా వేదికలెక్కి పాడింది సినిమా పాటలే. ఇంగ్లండు బీటిల్స్ కూడా 1960లో జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బుల్లో రాత్రిళ్ళు గంటల తరబడి వాయించింది ఎక్కువగా ఇతరుల పాటలే.

అప్పట్లో మన వేదికల మీద ప్రతివాడూ ఘంటసాల కావాలనుకునేవాడు. బాలు మాత్రం ఘంటసాల గారిని గుండెలో పెట్టుకున్నారు గానీ గొంతులో పెట్టుకోలేదు. అక్కినేనికి ఒకలా, రామారావుకు ఒకలా, అల్లు రామలింగయ్యకు ఇంకొకలా పాడారు, నిజమే. కానీ ఎవరికి పాడినా వింటున్నది బాలునే అని మనకు తెలిసిపోతూనే ఉంటుంది. 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ పాటలకైతే, శాస్త్రీయం క్రమంగా నేర్చుకోని ఆయన, మహదేవన్ గారి సహాయకుడు పుహళేంది దగ్గర కూర్చుని పట్టుగా సాధన చేశారు. జాతీయ అవార్డు ఊరికే రాలేదు!

చీకటి పడేవేళ ఉదయగిరి చేరాం. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలుచుకున్న కోట ఆ కొండమీదే ఉంది. అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని ఆయన హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు. కొండ కింద ఊళ్ళో చెక్క గంటెలు చేస్తారు. నర్ది, బిక్కి లాంటి కర్రను చేత్తో చెక్కి నునుపు చేస్తారు. ఒకే నమూనావి రెండు గంటెలు కొన్నాను.

కచేరీ తొమ్మిదింటికి మొదలైంది. కుర్రాడు అయిదు హుషారు పాటలు అరిచి పాడేసరికి గొంతు బొంగురుపోయింది. అప్పుడొచ్చింది చీటీ – ‘శంకరాభరణం!’ కీబోర్డాయన చప్పుడు లేకుండా శ్రుతి రెండు మెట్లు కిందికి దించాడు. కుర్రాడి మొహం మాడింది.

"రికార్డు శ్రుతిలోనే పాడతానన్నా!"

"అది బాలు గారి గొంతు శ్రుతిరా. నీ గొంతుకు ఇది. పాడు."

పాడాడు. మొదట అలిగి పాడాడు. చరణం దగ్గర అలక మర్చిపోయాడు. స్వరాల దగ్గర ఊపిరి అందలేదు. అంతలో తబలాయన ఒక ఆవర్తం ఎక్కువ వాయించి, పిల్లోడు గాలి పీల్చుకునే దాకా ఆగాడు. వేదిక వెనక కూర్చున్నాను గనక నాకు కనిపించింది. ముందున్న జనం మాత్రం అదీ పాటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు!

పాట అయిపోయింది. ఈలలు లేవు. ముందు వరసలో ఓ అవ్వ కళ్ళొత్తుకుంటోంది.

తెల్లవారుజామున కమిటీ పెద్ద డబ్బు లెక్కపెట్టిచ్చాడు. "రికార్డు మాదిరి లేదబ్బయ్యా" అన్నాడు. అందరం బిక్కమొహాలేశాం. "అయితేనేం, వచ్చే ఏడు గూడా ఈ పిల్లోణ్ణే తీసకరా."

ఇంటికొచ్చి రెండు గంటెలూ పక్కపక్కన పెట్టి చూశాను. నమూనా ఒకటే. ఒకదాని కాడ కాస్త వంపు, ఒకదాని గుంట కాస్త లోతు. రెండింటితోనూ పప్పు బ్రహ్మాండంగా వడ్డించుకోవచ్చు!