కొక్కెం

'ఆఫ్ రోడ్' అనగానే మన హాస్టల్లో అందరికీ కొండలెక్కే థార్ రీల్సే గుర్తొస్తాయి. నాకు మాత్రం మా ఇంటి ట్రాక్టర్ గుర్తొస్తుంది. తొలకరి పడితే చాలు, మోకాలి లోతు బురదలోకి దిగిపోతుంది. గట్లెక్కుతుంది, బోదెలు దాటుతుంది. మా డెల్టాలో దాన్ని మించిన ఆఫ్ రోడ్ బండి ఇంకోటి లేదు.

మా నాన్న రోజూ దాన్ని స్టార్ట్ చేసే ముందు ఒక ప్రదక్షిణ చేస్తాడు. ముందు డిప్ స్టిక్ లాగి, పాత గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి ఆయిల్ చూస్తాడు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి నీళ్లు చూస్తాడు. జాలీలో ఇరుక్కున్న పొట్టు దులుపుతాడు. ఫ్యాన్ బెల్టుని బొటనవేలితో నొక్కుతాడు. డీజిల్ ఫిల్టర్ కింద చేరిన నీళ్లు వదులుతాడు. ముందు ఇరుసుకి గ్రీజు గన్ను పెట్టి, పాత గ్రీజు బురదతో సహా బయటికొచ్చేదాకా కొడతాడు. దమ్ములో తిరిగిన బండికి ఆ గ్రీజే ప్రాణం, లేకపోతే బురద నీళ్లు బేరింగుల్లోకి పోతాయి. తర్వాత చక్రాల నట్లకి స్పానర్ వేసి చూస్తాడు. ఆఖరికి బండెక్కి, కాలితో బ్రేక్ పెడళ్లని ఒకసారి తడిమి, అప్పుడు తాళం తిప్పుతాడు.

ట్రాక్టర్ వయసు కిలోమీటర్లలో కాదు, గంటల్లో లెక్క. మా బండి పుస్తకంలో 250 గంటలకోసారి ఇంజన్ ఆయిల్ మార్చమని ఉంది. నాన్న మీటర్ చూసి ఆ అంకెని షెడ్డు గోడ మీద బొగ్గుతో రాస్తాడు. మూడేళ్ల అంకెలు ఆ గోడ మీదున్నాయి. "గుడి చుట్టూ కూడా ఇంత శ్రద్ధగా తిరగవు కదా నాన్నా" అని నేను నవ్వేవాణ్ణి. నాన్న ఏమనేవాడు కాదు.

మూడో ఏడాది సెలవుల్లో దమ్ము నేనే చేస్తానని పట్టుబట్టాను. కేజ్ వీల్స్ బిగించి చేలో దిగాం. రెండో రోజు ఒక గుంట దగ్గర వెనక చక్రాలు దిగబడ్డాయి. నేను గేరు మార్చి ఇంకా రేజ్ చేశాను. ఇంకా దిగింది. పక్కచేలో ఆయన ఒక దుంగ తెచ్చి, "చక్రాలకి కట్టి లాగించరా, లేచొచ్చేస్తాది" అన్నాడు. గట్టు మీద నుంచి నాన్న కేక పెట్టాడు: "ఒరేయ్, క్లచ్ తొక్కు! దిగు!"

ఎందుకో ఆ సాయంత్రం నాకే అర్థమైంది. ఇరుసు చక్రాన్ని ముందుకి తిప్పుతుంది. దుంగ అడ్డుపడి చక్రం తిరగలేకపోతే ఆ టార్క్ ఎక్కడికీ పోదు, ఇరుసు చుట్టూ బండినే వెనక్కి తిప్పుతుంది. ముక్కు పైకి లేస్తుంది. ఒకసారి లేచాక డ్రైవర్ తేరుకుని క్లచ్ తొక్కేలోపే బండి అతని మీద పడిపోతుంది. అందుకే అలాంటప్పుడు మెల్లగా రివర్స్‌లో రావాలి. రాకపోతే ఇంకో ట్రాక్టర్‌తో ముందు నుంచి లాగించాలి. లాగే బండికి కూడా గొలుసు కింద డ్రాబార్‌కే కట్టాలి. పైన టాప్ లింక్ దగ్గర కడితే ఈసారి దాని ముక్కు లేస్తుంది.

ఇదంతా అన్నం తింటూ నాన్నకి బొమ్మ గీసి మరీ చెప్పాను. "అంతేలే" అన్నాడు. ఆయన రియాక్షన్ టార్క్ అనే మాట విననే లేదు, కానీ దుంగ చూడగానే కేకేశాడు. అప్పుడైనా నాకు తట్టాల్సింది. తట్టలేదు. సబ్జెక్టు తెలుసు కదా, ఇంక బండి కూడా వచ్చేసినట్టే అనుకున్నాను.

నాలుగో రోజు కేజ్ వీల్స్ తీసేసి, ట్రక్కు తగిలించి, నారుకట్టలు తేవడానికి బయల్దేరాను. మా బాబాయి కొడుకు ఎడమ మడ్‌గార్డ్ మీద కూర్చున్నాడు. ఊళ్లో అందరూ అలాగే కూర్చుంటారు. సీటు ఒక్కరికే ఉందంటే బండి ఒక్కరికే అని అర్థం. కానీ వాడికి ఆ మాట చెప్పాలని నాకనిపించలేదు. ఆ పొద్దున నాన్న ఊళ్లో లేడు. ప్రదక్షిణా లేదు.

ట్రాక్టర్‌కి కుడికాలి దగ్గర రెండు బ్రేక్ పెడళ్లుంటాయి. ఒకటి ఎడమ వెనక చక్రానికి, ఇంకోటి కుడి వెనక చక్రానికి. చేలో మలుపు దగ్గర ఒక పెడల్ తొక్కితే ఆ చక్రం ఆగి, డిఫరెన్షియల్ వల్ల రెండోది తిరిగి, బండి ఉన్నచోటే మలుపు తీసుకుంటుంది. రోడ్డెక్కేటప్పుడు మాత్రం రెండిటినీ కలిపే చిన్న కొక్కెం వేసెయ్యాలి. ముందురోజు దమ్ములో దాన్ని తీసింది నేనే.

కాలవగట్టు మీద వెళ్తుంటే ఒక గేదె అడ్డం వచ్చింది. గబుక్కున బ్రేక్ తొక్కాను. నా కాలు కుడి పెడల్ మీద ఒక్కదాని మీదే పడింది. బండి గిర్రున కుడివైపుకి, కాలవలోకి తిరిగింది. వెనక నుంచి ట్రక్కు నెట్టింది. గట్టు అంచున ఒక తుమ్మచెట్టు ఉండబట్టి ముందు చక్రం దానికి కొట్టుకుని ఆగింది. వెనక్కి చూస్తే మడ్‌గార్డ్ మీద తమ్ముడు లేడు.

రోడ్డు మీద పడి ఉన్నాడు. ట్రక్కు టైరుకీ వాడి తలకీ మధ్య జానెడు దూరం. ఆ జానెడు నాకిప్పటికీ కలలోకి వస్తుంది.

కుడి మణికట్టు విరిగింది. ఇంటర్ రెండో ఏడు వాడు, ఆరు వారాలు ఎడమచేత్తో నోట్సు రాసుకున్నాడు. బాబాయి "పోన్లేరా, ప్రాణం దక్కింది" అన్నాడు. పిన్ని మాత్రం నాతో పదిరోజులు మాట్లాడలేదు. నాన్న కబురు తెలిసి వచ్చి, ముందు ఆసుపత్రికెళ్లి వాణ్ణి చూశాడు. తర్వాత కాలవగట్టుకొచ్చి బండెక్కాడు. పెడళ్ల వంక చూసి, వంగి కొక్కెం వేశాడు. ఆ టక్ మన్న చప్పుడు తప్ప ఆ రోజు నాతో ఇంకేం మాట్లాడలేదు. తిడితే బాగుండుననిపించింది.

డిఫరెన్షియల్ బొమ్మ వేసి పది మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. ఒక చక్రం ఆగితే రెండోది ఏం చేస్తుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఆ పొద్దున అది గుర్తు రావాల్సింది నా బుర్రకి కాదు, కాలికి. నాన్న ప్రదక్షిణ ఎందుకో అప్పుడు తెలిసింది. నిన్న మనం ఏం తీసి మర్చిపోయామో, ఏది వదులు చేసి బిగించలేదో, బండి నోరు తెరిచి చెప్పదు. రోజూ చేత్తో తడిమి చూసుకోవాల్సిందే. ఏమీ జరగని రోజు కూడా చెయ్యాలి. ఏమీ జరగని రోజులన్నీ అలా చేయబట్టే.

ఇప్పుడు సెలవులకి వెళ్తే ప్రదక్షిణ నాదే. మడ్‌గార్డ్ మీద ఎవర్నీ ఎక్కించుకోను. "పట్నం చదువు చదివి మిడిసిపడుతున్నాడు" అంటారు, అననీ. తమ్ముడు మాత్రం అడక్కుండానే సైకిల్ తీసుకుని వెనక వస్తాడు.

నాన్నతో నా పోరు ఒక్కటి మిగిలింది. రోటవేటర్‌ని తిప్పే పీటీవో షాఫ్ట్ నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి తొమ్మిది. దాని మీదుండే ప్లాస్టిక్ కవరు ఎప్పుడో పగిలిపోయింది. నాన్న మెడలో తువ్వాలు వేలాడుతూనే దాని దగ్గర వంగేవాడు. ఆ తువ్వాలు కొస దొరికితే చాలు, మనిషిని వదలదు. పోయిన సంక్రాంతికి కొత్త కవరు కొనుక్కెళ్లి నేనే బిగించాను. "ఇన్నేళ్లూ ఏమైందిరా?" అన్నాడు. నేనేమీ అనలేదు, గోడ మీది అంకెల వంక చూశాను.

మర్నాడు పొద్దున రోటవేటర్ దగ్గరికి వెళ్లేముందు ఇంజన్ ఆపి, తువ్వాలు తీసి స్టీరింగ్‌కి వేలాడదీశాడు. నేను చూశానని ఆయనకి తెలుసు. చూడనట్టు గ్రీజు గన్ను అందుకున్నాను.