మొదటి గడిలోని గింజ

ముప్పై ఏళ్ళు తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఆ పెద్దాయనకు గణితమంటే చిన్ననాటి నుండీ బెదురు. అందుకు కారణం ఒక ప్రశ్న. సున్న కాని ఏ సంఖ్యకైనా ఘాతాంకం సున్న అయితే విలువ ఒకటి అని ఉపాధ్యాయుడు నల్లబల్లపై రాసినప్పుడు, “రెండును ఒక్కమారైనా వేయలేదు గదా, సున్న కాక ఒకటెలా అయింది?” అని ఆయన అడిగారు. సమాధానంగా బెత్తం దెబ్బ లభించింది. ఆనాటి నుండి లెక్కలను కంఠస్థం చేసి గట్టెక్కారే గాని మరి ప్రశ్నించలేదు.

ఒక సాయంత్రం మనుమరాలు ఘాతాంక న్యాయాలను వల్లెవేస్తూ దగ్గరకు వచ్చింది. రెండు ఘనాన్ని రెండు వర్గంతో గుణించమంటే ఘాతాంకాలను హెచ్చవేసి 64 రాసింది. ఆయన న్యాయం చెప్పలేదు, విడదీసి రాయమన్నారు. మూడు రెళ్ళ పక్కన మరి రెండు రెళ్ళు. లెక్కిస్తే అయిదు, విలువ 32. ఘనాన్నే వర్గం చేస్తే మూడేసి రెళ్ళ వరుసలు రెండు. అప్పుడు ఆరు, విలువ 64. మన ప్రాచీన బీజగణితకారులు అయిదవ ఘాతాన్ని వర్గఘనఘాతమనీ, ఆరవదానిని ఘనవర్గమనీ వేరువేరుగా వ్యవహరించారు. కూడవలసిన చోటును ‘ఘాత’ శబ్దమే సూచిస్తుంది. సమాసాలెరిగిన పండితునికి ఇది సులభంగానే బోధపడింది.

“మరి సున్న ఘాతం ఒకటెందుకు, తాతయ్యా?”

ఆయన మౌనం వహించారు. కొంతసేపటికి, తాను తరగతిలో ఎన్నోమార్లు చదివి వినిపించిన ఒక పద్యం గుర్తుకు వచ్చింది. మహావీరుని గణిత గ్రంథాన్ని 11వ శతాబ్దిలో తెనిగించిన పావులూరి మల్లనదిగా ప్రసిద్ధమైన పద్యమది. చదరంగపు 64 గళ్ళలో గింజలను రెట్టింపు చేస్తూ పోతే వచ్చే మొత్తాన్ని, 18446744073709551615ను, ఒకట్ల స్థానం మొదలుకొని సంకేత పదాలతో చెబుతుంది.

ఆయన పలకపై గళ్ళు గీశారు. నాలుగో గడిలో ఎనిమిది, మూడో గడిలో నాలుగు, రెండో గడిలో రెండు. వెనుకకు ఒక గడి జరిగితే గింజలు సగమవుతున్నాయి, ఘాతాంకం ఒకటి తగ్గుతోంది.

“మొదటి గడిలో ఘాతాంకం సున్న! గింజ ఒకటి!” అన్నది పిల్ల.

ఆ మొత్తం బేసి సంఖ్య కావడానికి కారణం కూడా ఆ ఒక్క గింజే. తక్కిన గళ్ళన్నీ సరిసంఖ్యలే. ఇన్నేళ్ళు పద్యం చదివించిన పండితులు ఆ గింజను ఆనాడే చూశారు.

“మొదటి గడికి ముందు ఇంకో గడి ఉంటే?”

బెత్తం దెబ్బ తిన్న అరచేతిని ఆయన ఒకసారి చూసుకొన్నారు. పలక మనుమరాలి చేతికిచ్చి, “గీసి చూడు తల్లీ” అన్నారు.

ఆ పిల్ల గడి గీసి, అందులో సగం గింజను పెట్టింది.