గోదావరి యను నోడ

అనంతపురపు మెట్టన బ్రదుకు మాకు నది యనగా ఎండిన పెన్న యిసుకయే. కావున "గోదావరి" యను యుద్ధనౌక యొకటి భారత నౌకాదళమున నుండెనని చదివి, ఆ పేరిమీది మక్కువచే దాని కథ నారసితిమి.

అది 1939 యుద్ధమునకు ముందే ఆంగ్లేయులు తలపెట్టిన "హంట్" తరగతి డిస్ట్రాయరు. వాణిజ్యనౌకలకు కావలి యుండుటకై చిన్న ఓడపై 4 అంగుళముల ఫిరంగులు ఆరింటిని నిలుపనెంచిరి. 1940లో తొలి ఓడ పూర్తికాగానే, లెక్క తప్పి పైభారము హెచ్చినదని తేలెను. వారు పరువు చూచుకొనక, తొలి ఓడలనుండి రెండేసి ఫిరంగులు తొలగించిరి. తరువాతివానిని ఇంచుమించు రెండున్నర అడుగులు వెడల్పు చేసిరి. అట్టివానిలో నొకటి 1941లో నీటికి దిగిన "బెడేల్". అది 1942లో పోలెండు నావికుల చేతికి పోయి, దియెప్ తీరమున కెనడా సైనికులను కాపాడినది. యుద్ధము గడచినపిమ్మట, 1953లో మన గోదావరి యైనది.

మా యింట మూడు బోర్లు ఎండినవి. భూమికి చేరు నీటికి మించి తోడితిమని యెరిగియు, నాలుగవదానికై అప్పుపత్రము వ్రాయబోవుచుంటిమి. ఈ కథ చదివి ఆ కాగితము మడిచి పెట్టితిమి. తప్పిన లెక్కపై మరియొక ఫిరంగి నెక్కించినచో ఓడ యొరగదా? ఈ యేడు వేరుసెనగ మాని, ఉన్న తడికి చాలు కొఱ్ఱలు విత్తుదుము.