సైకిలు యాడ పెట్టాల, ఐవారూ?



తెలుగు బడుల ప్రస్తావన వచ్చినప్పుడు మనం పాఠ్యపుస్తకాల కొరతను గురించి, ఖాళీగా ఉన్న ఉపాధ్యాయ స్థానాలను గురించి, ప్రభుత్వ ఉత్తర్వులను గురించి మాట్లాడుకొంటాము. అవన్నీ మాట్లాడుకోవలసినవే. ఈసారి మాత్రం సైకిలును గురించి వ్రాస్తున్నాను. సైకిలును ఒక కట్టడం లోపలికి తీసుకొనిపోయి భద్రంగా ఉంచుకోవడం అనే చిన్న విషయంలో నేను నేర్చుకొన్నది కొంత, పొరబడినది కొంత ఉన్నది. రెండూ చెప్పుకోవాలి.

2009 జూన్ నెల. మాది కృష్ణగిరి జిల్లాలో శూలగిరికి దగ్గరగా ఉన్న ఒక పల్లె బడి. తెలుగు మాధ్యమం, ఎనిమిదవ తరగతి వరకే. ఆరవ తరగతిలో చేరదగిన పిల్లల కోసం చుట్టుపట్ల ఊళ్ళు తిరుగుతున్నాను. తమిళ అభ్యసన చట్టం 2006లో వచ్చింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ, ఆ సంవత్సరానికి నాలుగవ తరగతిని చేరింది. ఆరవ తరగతి పిల్లలకు అది ఇంకా తగలలేదు. అయినా పెద్దల మనసులో లెక్క అప్పటికే మారిపోయింది. "ఎట్లాగూ తమిళం చదవాల్సిందే కదా, దగ్గరుండే తమిళ బడికే పంపిస్తే పోలా?" అని చాలామంది అడిగారు.

మా బడికి నాలుగున్నర కిలోమీటర్ల దూరాన ఉన్న ఒక ఊరిలో, ఒక ఇంటి అరుగు మీద కూర్చొని అరగంట సేపు మాట్లాడాను. తల్లి నుడిలో చదివిన పిల్లకు లెక్కలు, సామాన్యశాస్త్రం ఎట్లా సులువుగా పట్టుబడతాయో ఉదాహరణలతో సహా వివరించాను. ఆ తల్లి రాగులు చెరుగుతూ అంతా విన్నది. విని ఒకే ప్రశ్న అడిగింది.

"మీరు చెప్పేదంతా నిజమే. పాప సైకిలు యాడ పెట్టాల, ఐవారూ?"

నా దగ్గర సమాధానం లేదు.

ఆమె ఊరకే అడగలేదు. తమిళనాడులో 2001-02లో షెడ్యూల్డు కులాల, తెగల బాలికలకు మొదలైన ఉచిత సైకిళ్ళ పథకం 2005-06 నుండి ప్రభుత్వ, ప్రభుత్వ సహాయం పొందే పాఠశాలల్లో పదకొండవ తరగతి చదివే వారందరికీ విస్తరించింది. ఆ ఇంటి పెద్దమ్మాయికి అట్లా వచ్చిన సైకిలు, ఆమె పన్నెండు ముగించగానే చెల్లెలికి దక్కింది. ఆ ఇంట్లో ఉన్న ఒకే బండి అది. అంతకు ముందు సంవత్సరం అదే ఊరి పిల్లవాడు ఒకడు మా బడికి వచ్చేవాడు. బడి ప్రహరీ బయట కానుగచెట్టు కింద పెట్టిన వాడి సైకిలును ఎవరో ఎత్తుకుపోయారు. వాళ్ళ నాయన ఇంకొకటి కొనలేక, నడిచిపోగలిగిన దూరంలో ఉన్న తమిళ బడిలో చేర్పించాడు. ఆ కుటుంబానికి తెలుగు మీద విముఖత ఏమీ లేదు. సైకిలు పోయింది, దానితో తెలుగు చదువు పోయింది.

"రెండు దినాలు గడువు ఇవ్వమ్మా, చెప్తాను" అని లేచి వచ్చాను.

తిరిగి వస్తున్నప్పుడు నాకు 2003 వేసవి గుర్తుకు వచ్చింది. కృష్ణగిరిలో పది రోజుల ఉపాధ్యాయ శిక్షణా తరగతులు జరిగాయి. నేను లాడ్జిలో దిగాను. (మనవైపు హోటలు అంటే భోజనానికి, లాడ్జి అంటే బసకు. కొత్త పాఠ్యపుస్తకాలలో రెంటినీ హోటలు అనే వ్రాస్తున్నారు గనుక పిల్లలకు ఈ తేడా చెప్పవలసి వస్తున్నది.) తరగతులు జరిగే చోటు ఊరికి దూరం. రోజూ ఆటోకు పెట్టే స్తోమత లేదు. అందుచేత సైకిలు మీదనే బయలుదేరి పోయాను. హొసూరు వైపు నేల మిట్ట, కృష్ణగిరి పల్లం. పోయేటప్పుడు సుఖంగానే ఉంటుంది.

మొదటి రాత్రి సైకిలును లాడ్జి ముందర కిటికీ కమ్మీకి గొలుసుతో కట్టి పడుకొన్నాను. తెల్లవారి చూస్తే సైకిలు ఉన్నది. దీపము, డైనమో, సీటు తొడుగు లేవు. గంట మూత కూడా విప్పుకొని పోయారు. గొలుసు సైకిలును కాపాడుతుంది గాని దాని భాగాలను కాపాడదు.

రెండవ రోజు సాయంత్రం సైకిలును లోపలికి తెస్తానంటే మేనేజరు అడ్డుపడ్డాడు. నాకంటె పెద్దవాడు, తెలుగువాడే. "సార్, గది మనుషులకు ఇచ్చినాము, సైకిళ్ళకు కాదు" అన్నాడు. నాకు కోపం వచ్చింది. అయినా అణచుకొని, "అన్నా, సైకిలు వల్ల మీకు వచ్చే ఇబ్బందులేమిటో చెప్పండి. ఒక్కొక్కదానికి జవాబు చెప్తాను. చెప్పలేకపోతే బయటనే పెట్టుకొంటాను" అన్నాను. ఆయన మూడు చెప్పాడు. చక్రాల మట్టి నేలకు అంటుతుంది. హ్యాండిలు, పెడలు గోడ సున్నాన్ని గీరుతాయి. మూడవది చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. "మెట్ల మీద గాని, మెట్ల కింద గాని, వసారాలో గాని పెట్టకూడదు. రాత్రిపూట ఏదైనా అయితే ఇంతమందీ దిగాల్సింది ఆ మెట్లే."

మూడింటికీ ఒప్పుకొన్నాను. ఆ పది రోజులూ నేను పాటించిన పద్ధతి ఇది. గడప బయటనే పాతగుడ్డతో రెండు చక్రాలు తుడిచేవాడిని. వాన పడిన రోజున మడ్‌గార్డు లోపలి నీళ్ళు కూడా కారిపోయేదాకా ఆగేవాడిని. మన సైకిళ్ళకు చైను కుడిపక్కన ఉంటుంది. కాబట్టి ఎడమపక్కన నిలబడి, అడ్డకమ్మీని కుడి భుజం మీదికి ఎత్తుకొంటే బట్టలకు మడ్డి అంటదు. ఎత్తుకొనే ముందు ఎడమ పెడలును ముందుకు త్రిప్పి ఉంచాలి, లేకుంటే మెట్టు మెట్టుకూ అది కాలికి కొడుతుంది. అడ్డకమ్మీ లేని ఆడపిల్లల సైకిలైతే ఒక చేయి సీటు కింది గొట్టాన్ని, ఒక చేయి హ్యాండిలు మెడను పట్టుకోవాలి. సైకిలు ఆరడుగుల పొడవు, ఇరవై కిలోల బరువు. ఒక్కరు ఎత్తలేమనుకొంటే ఇంకొకరిని పిలవడంలో నామోషీ లేదు.

గది చిన్నది. మంచం పోగా మిగిలిన చోట సైకిలు పట్టదు. నేల మీద వార్తాపత్రికలు పరచి, సైకిలును వెనుకచక్రం మీద నిటారుగా నిలబెట్టి, ముందుచక్రాన్ని కిటికీ కమ్మీకి తువ్వాలుతో కట్టాను. హ్యాండిలు కొసలకు, పెడళ్ళకు పాత మేజోళ్ళు తొడిగాను. గోడకు గీత పడలేదు. అయిదవ రోజున మేనేజరు గదిలోకి తొంగిచూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. చివరి రోజున, "మీ మాదిరి పెట్టుకొనేటట్లయితే ఎవురైనా తెచ్చుకోవచ్చు" అన్నాడు. ఆ మాట నాకు యోగ్యతాపత్రం వలె తోచింది.

ఇంటి అరుగు మీద ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఈ జ్ఞాపకంలోనే దొరికిందనుకొన్నాను. సైకిళ్ళను బడి లోపలికి తేవాలి, అంతే కదా. చోటు ఎక్కడ? మేడమెట్ల కింద. తాళం వేసే ప్రహరీ లోపల, ఎండా వానా తగలని చోటు. రెండు రోజులలోనే వెళ్ళి ఆ తల్లికి చెప్పాను. పాప చేరింది. ఆమెతో కలిసి ఆరవ తరగతిలో తొమ్మిదిమంది అయ్యారు.

మా ప్రధానోపాధ్యాయురాలు మొదటనే సందేహించారు. "మెట్ల దగ్గర వద్దండీ" అన్నారు. నేను నచ్చచెప్పాను. ఇక్కడే నా పొరబాటు ఉన్నది. లాడ్జి మేనేజరు చెప్పిన మూడింటిలో మట్టి గుర్తున్నది, గోడ గుర్తున్నది. మూడవది మరచిపోయాను.

మరచిపోవడానికి నాకు వేరే ఏ సాకూ లేదు. మా బడిలో ఒకప్పుడు ఆకుల కప్పుతో సైకిలు పందిరి ఉండేది. 2004 జూలై 16న కుంభకోణంలో ఒక పాఠశాల అగ్నికి ఆహుతియై 94 మంది పిల్లలు ప్రాణాలు కోల్పోయారు. వంటశాల వద్ద పుట్టిన నిప్పు తరగతుల ఆకుల కప్పుకు అంటుకొన్నది. మెట్లదారి ఇరుకు. ఆ తరువాతనే రాష్ట్రమంతటా బడుల ఆకుల పందిళ్ళు తొలగించారు. మాదీ తీసివేశారు. తీసివేయడం ముమ్మాటికీ న్యాయమే. కాని దాని స్థానంలో మరొకటి రాలేదు. సైకిళ్ళు కానుగచెట్టు కిందికి చేరడానికి కారణం అదే. ఇంత తెలిసిన నేను, పందిరి పోవడానికి కారణమైన ప్రమాదాన్నే మెట్ల కింద మళ్ళీ పేర్చాను.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఎవరో గులకరాయి విసిరితే పై అంతస్తు సజ్జ కింద ఉన్న తేనెతుట్టె కదిలింది. పైన రెండు తరగతుల పిల్లలు ఒక్కసారిగా దిగారు. మెట్ల కింద పదునాలుగు సైకిళ్ళు. చోటు చాలక చివరివి మెట్టు దాకా వచ్చి ఉన్నాయి. ఒకటి తగిలి పడింది. దానితో వరుసంతా దారికి అడ్డంగా పడింది. ఏడవ తరగతి అబ్బాయి వాటి మీద పడి మణికట్టు ఎముక చిట్లింది. వాడి వెనుక ఇంకా ఇరవైమంది ఉన్నారు. నేను, మరొక ఉపాధ్యాయుడు చేతులతో సైకిళ్ళను లాగి పక్కకు పారవేసి దారి చేశాము. వచ్చినవి తేనెటీగలు గనుక ఇంతటితో పోయింది. నిప్పు అయి ఉంటే ఏమయ్యేదో ఈనాటికీ తలచుకోలేను.

ఆ సాయంత్రం అబ్బాయిని ఆసుపత్రి నుండి ఇంటికి చేర్చి, వాళ్ళ తల్లిదండ్రులతో "తప్పు నాది" అని చెప్పాను. వాళ్ళు ఒక్కమాట అనలేదు. అన్నట్లయితే నాకు కొంత తేలికగా ఉండేది.

మరునాడు మెట్ల కింద ఒక్క సైకిలూ లేదు. మళ్ళీ అన్నీ కానుగచెట్టు కిందికి పోయాయి. పాప తల్లి బడికి వచ్చింది. పాపను మానిపించడానికే వచ్చిందనుకొన్నాను. "ఇప్పుడు యాడ పెడతారు?" అని మళ్ళీ అదే అడిగింది. ఈసారి నేను ఉపాయం చెప్పలేదు. తల్లిదండ్రులను సమావేశపరచి ఆ ప్రశ్ననే వాళ్ళ ముందు ఉంచాను.

మన సీమలో రాతికి కొదవ లేదు. ఒక రైతు ఆరు రాతికూసాలు ఇచ్చాడు. ఇద్దరు కలిసి రేకులు కొన్నారు. వెల్డింగు పని చేసే ఒక తండ్రి నడుమెత్తున పొడవాటి ఇనుపగొట్టం బిగించాడు. బడి వెనుకగోడకు, ప్రహరీకి నడుమ, ఏ తలుపుకూ ఏ మెట్లకూ అడ్డం రాకుండా, ఆరవ తరగతి కిటికీలో నుండి కనబడేటట్లు పందిరి లేచింది. వెనుకచక్రానికి వేసే తాళం ఒక్కటే చాలదు. ఆ తాళంతో సహా సైకిలును ఎత్తుకొని పోవచ్చు. అందుకే గొలుసును చట్రంలో నుండి దూర్చి గొట్టానికి కట్టాలని నియమం పెట్టాము. ఒకటి ముందుకు, ఒకటి వెనుకకు మార్చి మార్చి నిలిపితే హ్యాండిళ్ళు తగులుకోవు, రెండడుగులు పట్టే సైకిలు అడుగున్నరలో సర్దుకొంటుంది. ప్రతి సైకిలు చట్రం మీద కొట్టి ఉండే సంఖ్యను పిల్లలచేతనే ఒక పుస్తకంలో వ్రాయించాము. గొట్టం మీద స్థలాల సంఖ్యలను తెలుగు అంకెలలో రంగుతో వ్రాశాము. పాఠంలో ఒకసారి చదివి మరచిపోయే ఆ అంకెలు, తమ సైకిలు చోటు కావడంతో, వారం రోజులలో అందరికీ నోటికి వచ్చాయి.

పాప ఎనిమిది దాకా మా బడిలోనే చదివింది. ఆమె చోటు ఏడవది. ఆ తరువాత పై చదువుకు వేరే ఊరికి వెళ్ళింది. సైకిలు మాత్రం ఆమె తమ్ముడితో మా బడికే వస్తూ ఉండేది.

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపం ఒక్కటే. వచ్చే జూన్‌లో పిల్లల కోసం ఊళ్ళు తిరిగే ముందు, మీ బడిలో సైకిళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో ఒకసారి నడిచి చూడండి. ఎండలో ఉంటే టైర్లు పగులుతాయి, వానలో ఉంటే చైను తుప్పు పడుతుంది, బయట ఉంటే దొంగ చూస్తాడు. ఇవన్నీ నష్టాలే గాని ఓర్చుకోదగినవి. మెట్ల వద్ద, వసారాలో, తలుపు ఎదుట ఉంటే మాత్రం ఆనాడే తీయించండి. తల్లిదండ్రులకు కూడా ఒక మాట. బడిలో చేర్పించేటప్పుడు మీరు తప్పక అడగవలసిన ప్రశ్నలలో, పాప సైకిలు యాడ పెట్టాల అనేది ఒకటి. అడిగితే మాకు కోపం రాదు. నన్ను అడిగిన ఆ తల్లికి నేను ఇప్పటికీ ఋణపడి ఉన్నాను.